దేవుడి కుండ

ఈ జనవరి ఒకటో తారీఖు పొద్దున చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా కుక్కర్‌లోకి బియ్యం కొలుస్తుంటే, నా చెయ్యి దానంతట అదే డబ్బాలోకి పోయి పిడికెడు బియ్యం తీసి పక్కనున్న స్టీలు గిన్నెలో వేసింది. మా కోడలు చూసి నవ్వింది. కానుక కూడా ఇప్పుడు చర్చి గుమ్మం దగ్గర ఫోన్‌తోనే ఇచ్చేస్తున్నాం కదత్తయ్యా, మరి ఈ బియ్యం ఎవరికి అనడిగింది. చెప్పబోయి ఆగిపోయాను, అది ఒక్క ముక్కలో అయ్యే జవాబు కాదు. అయితే రాయండి అని తనే కాగితాలు తెచ్చి ఇచ్చింది. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని, ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను, నా ఈడు వాళ్ళు తప్పులుంటే సర్దుకుని చదువుకుంటారని ధైర్యం చేస్తున్నాను.

మాది ఉయ్యూరు దగ్గర ఒక చిన్న పల్లె. చలికాలం వచ్చిందంటే పంచదార ఫ్యాక్టరీ నుంచి ఒక తియ్యటి, మగ్గిన వాసన మంచులో కలిసి వచ్చి మా ఇళ్ళ మీద పడుకునేది, నిద్ర లేచేసరికి దుప్పట్లకి కూడా అదే వాసన. ఇప్పటికీ కలలో మా ఇల్లు కనిపిస్తే ముందు ఆ వాసనే వస్తుంది, ఇల్లు తర్వాత వస్తుంది. మా వాళ్ళందరూ యేసుప్రభువు బిడ్డలే, అందరూ కూలికి పోయేవాళ్ళే. వానలు వెనకపట్టగానే ప్రతి ఇంట్లో ఒక కుండ కడిగి ఆరబెట్టి మూలన పెట్టేవారు, దాన్ని దేవుడి కుండ అనేవాళ్ళం. రోజూ అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా, కడగక ముందే, వండే మనిషి ఒక పిడికెడు అందులో వేసి మూత పెట్టాలి. మధ్యలో తొంగి చూడకూడదు. మా అమ్మ అయితే కళ్ళు మూసుకుని ప్రార్థించి మరీ వేసేది. కొత్త సంవత్సరం నాడు ఆ కుండలన్నీ చర్చికి మోసుకెళ్ళి ఒకే గంగాళంలో పోసి వండుకుని, ఊరంతా ఒకే బంతిలో కూర్చుని తినేవాళ్ళం. గడిచిన ఏడాదికి అదే మా స్తోత్రం.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళు ఉన్నప్పుడు, వానాకాలంలో, కాలవ గట్టు మీద బండి తిరగబడి మా నాన్న కాలు విరిగింది. పసరు కట్టు కట్టి మంచాన పడుకోబెట్టారు. మా నాన్న అంతకుముందు చర్చిలో డోలక్ వాయించేవాడు, ఆయన వాయిస్తుంటే ముసలమ్మలు కూడా కూర్చున్నచోటే ఊగేవాళ్ళు. కాలు విరిగాక చర్చి అయ్యగారు ప్రార్థన చెయ్యడానికి వస్తే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన వెళ్ళాక అమ్మతో ఒకటే మాటన్నాడు, "ఆయనకీ నాకూ మాటల్లేవు" అని. అయ్యగారితోనా అని మేమనుకున్నాం, దేవుడితోనని అమ్మకి అర్థమైంది.

తర్వాతి ఆదివారం అమ్మ ఒక్కతే సంఘం ముందు నిలబడి, మా ఇంట్లో ఎలా ఉన్నా సరే ఈ ఏడు కూడా కుండ నింపి తెస్తానని చెప్పి వచ్చింది. కానీ చెరుకు నరుకుళ్ళు మొదలయ్యేసరికి అమ్మ తెల్లారకముందే కూలికి పోవాల్సి వచ్చింది, పొయ్యి నాన్న చేతికి వచ్చింది. కుంటుకుంటూ లేచి, పీట మీద కాలు చాపుకుని నాన్నే వండేవాడు. వండే మనిషే కదా పిడికెడు వెయ్యాలి! అమ్మకి అక్కడే పట్టుకుంది దిగులు. దేవుడితో మాటల్లేని మనిషి దేవుడి కుండలో బియ్యం వేస్తాడా? అడిగితే గొడవ, అడక్కపోతే నలుగురిలో ఇచ్చిన మాట ఏమవుతుందో తెలియదు. కుండ ఉన్న మూల వైపు చూడకుండా అన్నం తినేది.

దానికి తోడు బియ్యం తొందరగా అయిపోసాగాయి, రాత్రిళ్ళు జావ పలచనైంది. పక్కింట్లోనే ఉన్న మా మేనత్త గోడ మీంచి ఎగతాళి చేసేది.

"ఏమే వదినా, మా అన్నయ్య పగలంతా పొయ్యి దగ్గరే కూర్చుని ఎసట్లో బియ్యం ఎసట్లోనే తినేస్తన్నాడా ఏంటి?"

అమ్మ నవ్వేసేది గానీ లోపలికొచ్చి డబ్బా ఎత్తి చూసి నిట్టూర్చేది.

కొత్త సంవత్సరం నాటి పొద్దున మంచు ఎంతగా పట్టిందంటే చర్చి గంట వినపడుతోంది గానీ చర్చి కనపడటం లేదు. మా అందరికీ తలలు దువ్వి, అమ్మ ఆ మూలకి పోయి కుండ ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

"ఏంటే, కుండకి ప్రార్థన చేస్తన్నావా? ఎత్తుకో, రెండో గంట కొట్టేశారు," అన్నాడు నాన్న మంచం మీంచి.

అమ్మ వంగి ఎత్తబోయింది. కుండ కదల్లేదు. మూత తీసింది. అంచు దాకా బియ్యం, పురుగు పట్టకుండా పైన ఎండిన వేపాకు పరిచి ఉంది. వేపాకు సంగతి నాన్నకి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

"ఇంతెందుకు పోశావయ్యా? పిల్లలు జావ తాగారు గదా!"

"నా పిడికిలి అంతే మరి. కోసుకోమంటావా?" అని, నాన్న గోడకేసి చూస్తూ అన్నాడు, "నేనేం ఆయనకి పెట్టలా. నలుగురిలో మాటిచ్చింది నువ్వు. నా వల్ల అది పోవాలా?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, నేనూ, పక్కింట్లోంచి వచ్చిన మేనత్తా చెరో పక్కా పట్టుకుంటే కుండ నెత్తినెత్తుకుంది. ఆ రోజు చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యానికి లేచి, ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, స్తోత్రం అని ఒక్క మాట అని కూర్చుంది. భోజనాల వేళకి నాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. చర్చి లోపలికి రాలేదు, అరుగు మీదే కూర్చుని, అన్నం చిమిడిందని వండినవాళ్ళని దెప్పుతూ రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నప్పుడు ఆయన వేళ్ళు పక్కనున్న ఖాళీ గంగాళం అంచు మీద మెల్లగా ఆడటం నేను చూశాను, అమ్మ కూడా చూసింది. చూడనట్టు కూర వడ్డించుకుంటూ పోయింది.

ఇప్పుడు ఇక్కడ పట్నంలో, గవర్నర్‌పేటలో మా చర్చిలో కొత్త సంవత్సరానికి బిర్యానీ డబ్బాలు పంచుతారు, ఎవరిది వాళ్ళు కార్లో పెట్టుకుని వెళ్ళిపోతారు. రుచిగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ అన్నంలో ఎవరి పిడికిలి ఎంతో తెలియదు. నా స్టీలు గిన్నె నిండినప్పుడల్లా కింద వాచ్‌మన్ భార్య వచ్చి పట్టుకెళ్తుంది. ఈ మధ్య నా వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు, పిడికిట్లో నాలుగు గింజలు కూడా నిలవవు. అందుకే రోజూ రెండుసార్లు తీస్తాను. మొదటిది అమ్మలాగా కళ్ళు మూసుకుని, రెండోది నాన్నలాగా, ఎవరూ చూడకుండా.