వర్సిటి పెట్టిన చుక్క

ఇండోనేషియాలోని పెకలోంగన్‌లో బాటిక్ కొట్టు పెట్టినవాళ్ళకి వర్సిటి లాంటి మనిషి దొరకాలంటే పెట్టి పుట్టాలి. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఒకే కొట్టులో బట్టలమ్ముతోంది. భర్త పోయి దిక్కుతోచని రోజుల్లో పెద్ద యజమానురాలు పిలిచి పని ఇచ్చింది. అప్పట్నుంచీ ఆ కొట్టు మీద ఈగ వాలనివ్వదు.

అబద్ధాలు కూడా కొట్టు కోసమే ఆడుతుంది. అచ్చు వేసిన బట్టని చేత్తో రాసిందని చెప్పి అమ్ముతుంది. చేత్తో రాసేటప్పుడు మైనపు కలం నుంచి ఎక్కడో ఒక బొట్టు జారక మానదు, కొనేవాళ్ళు దాన్ని చూసే నమ్ముతారు. అందుకని రంగులో ముంచబోయే అచ్చు బట్టలన్నిటికీ, ఎవరూ చెప్పకుండానే, అంచుకి జానెడు పైన ఒక మైనం చుక్క తనే జారవిడుస్తుంది; అక్కడ రంగు పట్టక తెల్లగా మిగులుతుంది. ఇందులో ఆమెకి ఒరిగేదేమీ లేదు.

సెమరాంగ్ నుంచి వెనింగ్ అనే కాలేజీ పిల్ల ప్రశ్నల కాగితాలు పట్టుకుని వచ్చింది. ఉద్యోగుల మీద పరిశోధనట. పూర్తిగా ఒప్పుకుంటే అయిదు, అసలు ఒప్పుకోకపోతే ఒకటి వెయ్యాలి. వర్సిటి ముందు ఆ పిల్ల చేత పనసపొట్టు కలిపిన మెగోనో అన్నం తినిపించి, అప్పుడు కళ్ళజోడు పెట్టుకుంది. ‘సంస్థకి మేలు జరుగుతుందంటే నిజం దాస్తాను.’ అయిదు. ‘సంస్థ పేరు కోసం సరుకుని ఉన్నదానికన్నా గొప్పగా చెబుతాను.’ అయిదు. అన్నిటికీ అయిదే.

“ఎన్ని మార్కులొచ్చాయి నోక్?” అని ఆ పిల్లని ముద్దుగా పిలిచి అడిగింది.

“ఊళ్ళో మీకే ఎక్కువ, బు,” అంది వెనింగ్, అమ్మా అన్నంత మర్యాదగా.

“రావా మరి? పక్క కొట్టువాళ్ళకి చెప్పకు, పాపం సిగ్గుపడతారు. ఇంతకీ దీని పేరేంటి? మా యజమానికి చెప్పుకోవాలి.”

వెనింగ్ తల దించుకుని చదివింది. “సంస్థ మేలు కోసం ఉద్యోగులు చేసే తప్పుడు పనులు.”

వర్సిటి నవ్వు సగంలో ఆగింది. “తప్పుడు పనులా? ఒక్క గుడ్డపేలిక ఇంటికి పట్టుకెళ్ళలేదే నేను.”

“మీ గురించి కాదు బు, అందర్నీ అడుగుతున్నాం,” అని వెనింగ్ సర్దిచెప్పి, సంచిలోంచి ఒక బట్ట తీసింది. “ఇంకో పని ఉంది. మా అమ్మమ్మ పంపింది. బతుకంతా పరాయివాళ్ళ బట్టల మీదే మైనంతో రాసింది, తనకంటూ ఒక్కటీ లేదు. చూపు పోయాక ఇది మీ దగ్గరే కొనుక్కుంది. పోయినప్పుడు తన మీద ఇదే కప్పమంటోంది. చేత్తో రాసిందేనా అని రోజూ అడుగుతోంది. మీరొక్క మాట చెబితే స్థిమితపడుతుంది.”

వర్సిటి మడత విప్పింది. అంచుకి జానెడు పైన తెల్లటి చుక్క.

అవునంటే కొట్టు పేరు నిలుస్తుంది, ముసలామె సుఖంగా కళ్ళు మూస్తుంది. ఇంత తేలికైన అబద్ధం ఈ ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఎప్పుడూ తగల్లేదు. కానీ అడుగుతున్నది చేత్తో రాసిన మనిషి. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

“అచ్చు బట్ట నోక్,” అంది. “ఈ చుక్క నేను పెట్టిందే.”

లేచి సందు చివరున్న తన ఇంటికి వెళ్ళింది. పెద్ద యజమానురాలు పోతూ పోతూ ఇచ్చిన బట్ట ఒకటుంది. తను పోయాక తన మీద కప్పమని వర్సిటి కూతురికి చెప్పి దాచుకున్నది. అది తెచ్చి పిల్ల ఒళ్ళో పెట్టింది. “ఇది అమ్మమ్మకివ్వు. దీన్ని నిజంగానే చేత్తో రాశారు. నా చుక్క లేదు.”

వెనింగ్ కళ్ళు తుడుచుకుంది. తర్వాత రబ్బరు తీసి కాగితం పక్కన పెట్టింది. “ఆ అయిదులు చెరిపేసి తక్కువ వేసుకోండి, బు. ఎవరికీ తెలీదు.”

వర్సిటి కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

“ఉండనీ నోక్. అందులోనైనా నిజం ఉండనీ.”