పలకని మెట్ల దగ్గర అమ్మ పాడేది

మా చిన్నప్పుడు... శనివారం సందేళయితే అమ్మ చేతిలో చీపురు, నా చేతిలో పాతగుడ్డ. ఇద్దరం గుడి, అదే మా చర్చి, శుభ్రం చేయడానికి పోయేవాళ్ళం. అమ్మ నేల ఊడ్చేది, నేను పియానో తుడిచేదాన్ని. తుడిచేదాని కంటే టింగుటింగుమనిపించేదే ఎక్కువనుకోండి...

మాది నెల్లూరు జిల్లా కోట దగ్గర, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఒక పల్లె. మట్టిగోడల గుడికి పియానో ఎట్టా వచ్చిందంటారా? ఎప్పుడో ఒక దొరసాని సొంత దేశానికి తిరిగిపోతా, మోసుకుపోలేక, సంఘానికి కానుకగా ఇచ్చిపోయిందట. మోయలేని వస్తువులన్నీ ఇట్టాగే దేవుడికి చేరుతుంటాయి.

నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు అమ్మ పియానో నేర్చుకుంది. మా ఊళ్ళో దాన్ని వాయించడం తెలిసింది ఆమె ఒక్కతికే.

అమ్మకి ఒక అలవాటుండేది. తనకి బిడ్డ పుడితే ఆ బిడ్డ పేరున ఒక పాట కట్టేది. మాటలుండవు, ఉత్త రాగమే. ఏటా ఆ బిడ్డ పుట్టినరోజు దాటినాక వచ్చే ఆదివారం, మేము కృతజ్ఞత కానుక వేసేటప్పుడు ఆ పాట వాయించేది. "మాటలు లేకుండా ఇదేం పాటమ్మా?" అంటే, "ఎవరి కోసమో దేవుడికి తెలీదా ఏంది?" అనేది.

నాకు ఇద్దరన్నలు. వాళ్ళ పాటలు పియానో బాగున్న రోజుల్లో కట్టినవి. నేను పుట్టేసరికి ఉప్పుగాలికి లోపల తీగలు తుప్పుపట్టి, సరిగ్గా నడిమధ్యన వేళ్ళతో నొక్కే మెట్లు ఐదు పలకడం మానేసినాయి. బాగుచేసే ఆయన మద్రాసు నుంచి రావాలన్నారు. ఇంకా వస్తానే ఉన్నాడు...

అమ్మ ఆగిందా? ఆ మూగ మెట్లు వచ్చే చోట చెయ్యి పైకెత్తేసి, ఆ కాస్త ముక్కా గొంతుతో పాడేది. మళ్ళీ చెయ్యి దించి వాయించేది. అదీ నా పాట... సగం పియానో పెట్టె, సగం అమ్మ.

"అన్నల పాటలకి లేని బొక్కలు నా పాటకే ఎందుకు?" అని ఒకసారి ఏడ్చినాను.

"వాళ్ళకి పెట్టె పాడింది. నీకు నేను పాడినాను. ఎవరిది ఎక్కువ మే?" అంది. నాకేమో పెట్టే ఎక్కువనిపించింది. పిల్లల తెలివి అంతే కదా...

నా పదకొండో ఏట అమ్మకి గొంతులో గడ్డ లేచింది. నెల్లూరు తీసుకుపోయి కోయించినారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు.

ఆ ఏడు కూడా నా పుట్టినరోజు వచ్చింది. ఆదివారం అమ్మ పియానో ముందు కూర్చుంది, పక్కన నేను. వాయించింది. మొదటి మూగ మెట్టు దగ్గర చెయ్యి ఎత్తింది... పెదాలు కదిలినాయి. ఏమీ రాలేదు.

అమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. "పాడు మే" అని పెదాలతోనే అంది.

నాకు వచ్చు. పలక మీద అక్షరాలు దిద్దినంత బాగా వచ్చు. కానీ వెనక చాపల మీద నా ఈడు పిల్లలు కిసుక్కున నవ్వినారు. నేను తల వంచుకుని జడ రిబ్బను చుట్టుకుంటా కూర్చున్నా.

సంఘ పెద్ద ఏలియా తాత ఊరుకోలేదు. "ఏం మే, నీ పాట నువ్వు పాడుకోలేవా?"

"నాకు రాదు తాతా" అన్నాను. దేవుడి మందిరంలో, అమ్మ పక్కన కూర్చుని...

అమ్మ కోప్పడలేదు. మెల్లగా మూత దించింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికింది. అన్నల పాటలు వాయించింది గానీ నాది మళ్ళీ వాయించలేదు. నేనూ అడగలేదు. "నోటితో పాడే ముక్కల్ని పలికే మెట్ల మీదైనా చూపించమని అడగాల్సింది అవ్వా" అంటుంది నా మనవరాలు. అడగాల్సిందే. బుద్ధి అన్నీ అయిపోయినాక వచ్చే చుట్టం.

డెబ్బై దాటినాక కీబోర్డు కొనుక్కుని, మనవరాళ్ళ పేరున పాటలు కట్టి ఇక్కడ పెడుతుంటే బాగున్నాయంటున్నారు మీరంతా. బాగుండక ఏం చేస్తాయి, అన్ని మెట్లూ పలుకుతాయి దాంట్లో!

పోయిన వారం ధైర్యం చేసి నా పాట పెట్టినాను. కింద ఏం రాసినారు? "అమ్మగారూ, మధ్యమధ్యలో సౌండ్ పోతోంది." "నెట్ బాలేదేమో ఆంటీ, మళ్ళీ పెట్టండి." ఒకాయన మైకు మార్చమని సలహా కూడా ఇచ్చినాడు.

మైకు బాగానే ఉంది నాయనా. ఆ ఐదు చోట్లా అమ్మ ఏం పాడేదో నాకు గుర్తులేదు. నెల రోజులు కూర్చుని ఒక్కో స్వరం పెట్టి చూసినాను... ఏది పెట్టినా అతుకుతుంది. అదే నా బాధ. ఒక్కటన్నా "ఇది కాదు" అనిపిస్తే, మిగతావాటిల్లో వెతుక్కునేదాన్ని. ప్రార్థన కూడా చేసినాను. దేవుడికి గుర్తుండే ఉంటుంది, చెప్పడం లేదంతే.

అందుకే ఖాళీగానే ఉంచినాను. ఆ చోట్ల ఏముండాలని అడిగిన వాళ్ళందరికీ ఒకటే జవాబు... నాకు రాదు. అరవై ఏళ్ళ కిందట అబద్ధం. ఇప్పుడు నిజం.

మీ ఇంట్లో పప్పు రుబ్బుకుంటానో, బట్టలు మడుచుకుంటానో కూనిరాగం తీసేవాళ్ళు ఇంకా ఉంటే... వాళ్ళు మోచేత్తో పొడవకముందే పక్కన కూర్చుని గొంతు కలపండి. ఎవరు నవ్వితే ఏం.

మీకు గుర్తున్న పాటల సంగతి కింద రాయండి. సగమే గుర్తున్నా రాయండి... నాదీ సగమే.