శుక్రవారం గడప ఎక్కని ఇంజన్లు

మా మేనత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురం బజారులో ఒక బొమ్మల అంగట్లో నిలబడి రైలింజను కూత గురించి వాదిస్తున్నాను. వాదన నాది కాదు, ఆమెదే. "కూత గొంతు పట్టినట్ల ఉండాది, వంటింట్లో తిరగమాత పెట్టేటప్పుడు ఇనపడల్యా. మార్చుకోని రా పో" అని ముందురోజే ఆ ఇంజనును నా చేతికిచ్చి పెనుకొండ నుంచి పంపించింది. నాయన గొంతు మామూలుగానే ఉంది. "రేయ్, మీ అత్త పోయిందిరా. పొద్దున కాఫీ కలిపిపెట్టి వంటింట్లో పీట మీద కూచునిందంట. అట్లే ఒరిగిపోయింది. బిన్నా రా, ఆలస్యం చేయొద్దు" అన్నాడు.

అంగడాయనకు చెప్పాను. మా అత్త ఆ మనిషిని పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అయినా ఆయన లోపలికి పోయి, ఉన్న ఇంజన్లన్నీ కిందికి దించి, ఒక్కొక్కదాన్నీ కూయించి విన్నాడు. అన్నిట్లోకీ గట్టిగా అరిచేదాన్ని తెచ్చి నా సంచిలో పెట్టాడు. "బిల్లు అడక్కుండా మార్చినానంటే ఆయమ్మ నమ్మేది కాదప్పా. చెప్పేకి కూడా లేకపాయె" అన్నాడు. చావింటికి ఎవరైనా పూలదండ తీసుకుపోతారు. నేను బొమ్మ రైలింజనుతో పోయాను.

ఇది చదివేవాళ్లలో ఆమెను ఎరిగినవాళ్లు తక్కువే ఉంటారు. కానీ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లలో బొమ్మలమ్మేవాళ్లు ఎవరైనా చదివితే పేరు చెప్పనక్కర లేకుండానే గుర్తుపడతారు. కొందరు అలవాటు కొద్దీ లేచి నిలబడినా ఆశ్చర్యం లేదు.

మామ ధర్మవరంలో గూడ్సు రైళ్లు నడిపిన డ్రైవరు. రిటైరై పెనుకొండలో ఇల్లు తీసుకున్నాక పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. కాళ్లలో కొంత సత్తువ మిగిలినా లేవాలన్న మనసు మిగల్లేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే పడుకున్నట్టే. వాళ్లకు పిల్లలు లేరు. ఎడమచేతికి ఏదో ఒక పని పెట్టమని డాక్టరు చెబితే అత్త రబ్బరు బంతి కొనిచ్చింది. దాన్ని ఆయన కిటికీలోంచి వీధిలోకి విసిరేశాడు. ఇంకోటి కొనిచ్చింది. అదీ అటే పోయింది.

ఆ ఏడు దర్గా ఉరుసులో ఆమె ఒక రేకు ఇంజను కొంది. తాళం తిప్పితే నడిచే రకం. రెండు రోజులు మంచం కింద గిరగిరా తిరిగి చచ్చిపోయింది. అది ఆగిన చప్పుడుకు మామ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ఇంజను ఇమ్మని చెయ్యి చాపాడు. ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో వంటింటి కత్తి పట్టుకుని, సాయంత్రందాకా దాని పొట్ట విప్పుతూ కూర్చున్నాడు. ఇంజను బాగుపడలేదు. అత్త మాత్రం నాకు ఫోన్ చేసి, "మీ మామ ఇటు తిరిగినాడురా" అని ఏడ్చింది.

అప్పటినుంచి ఆమెకున్న భయం ఒకటే. ఆయన మళ్లీ గోడవైపు తిరగకూడదు. అందుకు ఆ ఇంట్లో రైలు నడుస్తూ ఉండాలి. పెన్షను మీద బతికే ఇల్లు కాబట్టి ఇంజను చవకగా ఉండాలి. ఆగిపోతే ఆయన మనసు విరిగిపోతుంది కాబట్టి నమ్మకంగానూ ఉండాలి. చవకా నమ్మకమూ రెండూ ఒకచోట దొరకవత్తా అని నేనంటే, "నువ్వు దొరికినావు గదరా" అంది. పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ప్లాస్టిక్ పట్టాలు మామ మంచం దగ్గర మొదలై, హాలు దాటి, వంటింట్లో ఆమె పీట పక్కకు పోయి ఆగేవి. మామ పెట్టె వెనక పెట్టె తగిలించి రైలు పంపి కూత వేస్తే, ఆమె ఆ పెట్టెల్లో మాత్రలో, బిస్కెట్లో, ఉడకబెట్టిన వేరుశనగకాయలో వేసి తిప్పి పంపేది. రెండు కూతలంటే కాఫీ. ఒకసారి ఉత్సాహం కొద్దీ అర గ్లాసు కాఫీ కూడా రైలెక్కించింది. అది గడప దగ్గర దిగిపోయింది. ఆ తర్వాత కాఫీ మాత్రం చేత్తోనే తెచ్చిచ్చేది.

అసలు చిక్కంతా ఆ గడపే. హాలుకూ వంటింటికీ మధ్య ఎత్తుగా, లావుగా ఉండే పాతకాలం గడప. పట్టాలు పోయేంత మేర కోసి ఇస్తానని వడ్రంగి రంపం తీశాడు. "గడప కోసేకి నువ్వెవరప్పా? ఇంజనే ఎక్కాల, గడప దిగేదే లేదు" అని అతన్ని రంపంతో సహా బయటికి పంపింది. రెండువైపులా చెక్కలు ఏటవాలుగా పెట్టించి పట్టాలను గడప మీదుగా తీసుకుపోయింది. అట్లా లోకంలోని ఇంజన్లన్నిటికీ మా అత్త గడప పరీక్ష అయింది.

ఇక కొనుగోళ్లు. ఆమె చేతిసంచిలో ఆ గడప వాలుకు సరిపోయే చిన్న చెక్క, ఒక పట్టా ముక్క, వేరుశనగకాయల పొట్లం ఉండేవి. బ్యాటరీలు కూడా సొంతవే. అంగడివాళ్లు కొత్త బ్యాటరీలు వేసి మోసం చేస్తారని ఆమె అనుమానం. అందుకని ఇంటి నుంచి సగం వాడినవి తెచ్చుకునేది. ఇంజను చేతికిస్తే ముందు తిరగేసి అడుగు చూసేది. ధర్మవరంలో పుట్టి పెరిగిన మనిషి, పట్టుచీరను తిరగేసి వెనకవైపు చూసే అలవాటు ఇక్కడా పోలేదు. "పరిగెత్తేది నాకొద్దప్పా, ఎక్కేది చూపీ" అనేది. పక్కన పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులు ఆ పరీక్ష పూర్తయ్యేదాకా కొనకుండా నిలబడేవాళ్లు. అంగడివాళ్లకు ఆమె మీద ఉన్న కోపంలో సగం అందుకే.

ఒక కంపెనీ ఇంజను ఇంకో కంపెనీ పట్టాల మీద కూర్చోదన్న సంగతి తెలిసినప్పుడు ఆమె చేసిన గొడవ ఇంతా అంతా కాదు. "ఇండ్లు మారినా గడప గడపే గదప్పా. మీకు మాత్రం తలా ఒక కొలతేంది?" అని ధర్మవరంలో ఒకాయన్ను నిలదీసింది. కంపెనీలకు ఫోన్ చేయమని కూడా అంది. పాపం ఆయన తన దగ్గర నంబరు లేదని ఒట్టేశాడు.

కొన్న ఇంజన్లకూ కొననివాటికీ చుట్టాల వరసలు పెట్టింది. లైట్లు మిణుకుమిణుకుమంటూ, పాటలు పాడుతూ, అంగుళం కదలడానికి అరగంట చేసేదానికి 'ఆడపడుచు' అని పేరు. బెంగళూరులో చూసిన విదేశీ ఇంజను 'అల్లుడు'. దాన్ని అమ్మేవాడు తెల్ల గ్లవ్సు వేసుకుని అద్దాల బీరువాలోంచి తీశాడు. ఇది గడప ఎక్కుతుందా అని ఈమె తెలుగులో అడిగితే వాడు నన్ను చూశాడు. "హొస్తిలప్పా, హొస్తిలు!" అని కన్నడంలో చెప్పి, అంగడి గడపనే చూపించింది. దానికి వేరే పట్టాలు, వేరే నూనె, వేరే కరెంటు పెట్టె కావాలని వాడు వివరించాడు. "ఇన్ని మర్యాదలు చేసేకి మాకు కూతురన్నా లేదే నాయనా" అని లేచి వచ్చేసింది.

చివరికి నిలబడింది హిందూపురంలో దొరికిన నల్లటి ఇంజను. ఢిల్లీవైపు ఏదో చిన్న కంపెనీ తయారీ. లైటు లేదు, పాట లేదు. రిమోటుకు ఎడమచేతి గుప్పిట్లో ఇమిడే పెద్ద బుడిపె ఒకటుంది, తిప్పితే నడుస్తుంది, నొక్కితే కూస్తుంది. దానికి 'మీ నాయన' అని పేరు పెట్టి నాకు చూపించింది. "నల్లగా ఉండాది, మెల్లగా పోతాది, ఎవరేం చెప్పినా దాని దారి దానిదే." నాయన ఈ మాటకు పైకి చిన్నబుచ్చుకున్నాడు గానీ, పెనుకొండ పోయినప్పుడల్లా ముందు ఆ ఇంజను దగ్గర కూర్చుని బ్యాటరీలు సరిచూసేవాడు.

అంత నమ్మకమైన ఇంజనూ శుక్రవారం మాత్రం గడప ఎక్కేది కాదు. మిగతా రోజులు చక్కగా ఎక్కుతుంది. శుక్రవారం పొద్దున వాలు దగ్గరికి రాగానే చక్రాలు ఉన్నచోటే గిర్రుమని తిరుగుతాయి. అత్త శనివారం దాన్ని పట్టుకుని హిందూపురం రైలెక్కేది. అంగట్లో ఇంజను చెక్క వాలు చక్కగా ఎక్కి చూపించేది. మళ్లీ శుక్రవారం మొండికేసేది. ఇట్లా ఎన్ని ఇంజన్లు వెనక్కి పోయాయో ఆ అంగడాయనకే తెలియాలి. "ఏమమ్మా, మా ఇంజన్లు శుక్రవారం శుక్రవారమే చెడతాయా?" అని ఆయన అడిగితే, "మీ కంపెనీకి ఆ పొద్దు సెలవేమో నాకేం తెలుసప్పా?" అంది.

ఈలోగా మామకు ఏదో అయిందని ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. శుక్రవారాల్లో ఆయన కిటికీలోని పూలకుండీ నుంచి ఇసుక తీసి పెట్టెలో పోసి పంపుతున్నాడు. రైలు గడప దాకా వచ్చి ఆగితే ఈమె వంగి చూసేది, పెట్టె నిండా ఇసుక. "నేను చెనిక్కాయలు పంపిస్తే మన్ను పంపిస్తాండాడురా. నా మీద అంత కోపం ఏంటికి?" అని ఫోన్లో బాధపడింది. ఆ వారం నేను పోయాను.

శుక్రవారం పొద్దున ఆమె తలకు పోసుకుని, గడపకు చిక్కగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. పట్టాలు గడప మీదే ఉన్నాయి కదా, వాటికీ రాసింది. నేను చూస్తున్నాను గానీ నాకూ ఏమీ తట్టలేదు, మన ఇళ్లల్లో ఎవరికి తడుతుంది? ఇంజను వచ్చింది. జారింది. అత్త వంటింట్లోంచి కంపెనీవాళ్లను ఏడు తరాలు తిట్టడం మొదలుపెట్టింది. అప్పుడు మామ తిప్పిన బుడిపెను అట్లే మంచం మీద వదిలి, గోడ పట్టుకుని లేచాడు. ఇన్నాళ్లూ మూలన పడున్న చేతికర్ర ఊతంగా, కాలీడుస్తూ గడప దాకా వచ్చి, వంగి, పెట్టెలోంచి చిటికెడు ఇసుక తీసి చక్రాల ముందు వేశాడు. ఇంజను టకటకా ఎక్కి అవతలికి దిగిపోయింది.

"శుక్రవారం పూట గడప మీద మన్నేస్తావా? నీకేమన్నా..." అని అరిచిన అత్త అక్కడే ఆగిపోయింది. "నడిచినావా?" అంది. గడప మీద ఎవరైనా కాలు పెడితేనే ఊరుకోని మనిషి ఆ పసుపు గడప మీదే కూలబడింది. నిజం రైళ్లకూ చక్రాలు జారినప్పుడు పట్టాల మీద ఇసుకే వేస్తారని నేను తర్వాత ఆమెకు వివరించాను. మామ తలాడించాడు. ఇన్నాళ్లూ ఆయన చెప్పాలనుకున్నది అదే.

అయితే పట్టాల మీద పసుపు మానెయ్యి అత్తా అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు మరచిపోలేను. "మానేస్తే మీ మామ ఏంటికి లేస్తాడురా?" అంది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం పసుపు ఇంకా చిక్కనైంది. లోకంలో ఎవరూ అడగని కోరికతో ఆమె అంగడికి పోయేది. ఇంజను రోజూ ఎక్కాలి, శుక్రవారం మాత్రం జారాలి. అంగడాయన అన్నిటికీ తలూపడం నేర్చుకున్నాడు.

ఆమె పోయాక మామ మళ్లీ గోడవైపు తిరిగాడు. దినాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు, నాయనా నేనూ మిగిలాం. ఒక పొద్దున సంచిలోంచి కొత్త ఇంజను తీసి పట్టాల మీద పెట్టాను. రిమోటు ఆయన చేతిలో పెడితే పట్టుకోలేదు. నేనే తిప్పాను. ఇంజను తడబడకుండా గడప ఎక్కి, దిగి, వంటింట్లో పీట దగ్గర ఆగి కూసింది. వీధి చివరిదాకా వినిపించే కూత. అత్త బతికుంటే ఒప్పుకునేది. మామ ఇటు తిరిగి, గడపను కాసేపు చూసి, మళ్లీ అటు తిరిగాడు.

నేనూ గడపను చూశాను. ఇన్ని రోజులుగా ఎవరూ ముట్టని వట్టి చెక్క. ఆ రోజు శుక్రవారమని అప్పుడు గుర్తొచ్చింది. వంటింట్లో పసుపు డబ్బా వెతికి, గిన్నెలో నీళ్లతో కలిపి, మోకాళ్ల మీద కూర్చున్నాను. నా జన్మలో గడపకు పసుపు రాసింది లేదు. అంతా కిందికి కారిపోయింది. నాయన వచ్చి, "అది పసుపా, చారా?" అని గిన్నె లాక్కున్నాడు. తిడతాడనుకున్నాను. ఇంకో గుప్పెడు పసుపు వేసి చిక్కగా కలిపి, గడపకు తనే రాశాడు. పట్టాలకు ఇంకొంచెం ఎక్కువే రాశాడు.

ఇంజను వచ్చింది, జారింది. నేను బుడిపె వెనక్కి తిప్పలేదు. చక్రాలు ఉన్నచోటే గిర్రుమంటున్నాయి. చాలాసేపు గిర్రుమన్నాక మంచం కిర్రుమంది. మామ ఇటు తిరిగి, పని రాని కొత్త అసిస్టెంటు డ్రైవరును చూసినట్టు నన్ను చూశాడు. కుండీలోకి చెయ్యి పెట్టాడు. ఆ గుప్పిట్లోనే చేతికర్ర పిడిని ఇరికించుకుని లేచాడు. నాయనా నేనూ పట్టుకోవడానికి పోలేదు. ఆయన గడప దాకా వచ్చి, కర్రను ద్వారబంధానికి ఆనించి, వంగి ఇసుక వేశాడు. ఇంజను ఎక్కింది, అవతలికి దిగింది, పీట దగ్గరికి పోయి ఆగింది. ఆయన నా చేతిలోంచి రిమోటు తీసుకుని రెండు కూతలు వేశాడు.

తర్వాత రిమోటు నాకిచ్చి, ద్వారబంధం పట్టుకుని చాలాసేపు ఆ పీట వైపే చూస్తూ నిలబడ్డాడు. వేళ్లకు పసుపు అంటింది. లుంగీకి తుడుచుకోలేదు.