ఆంప్లిఫయర్ కోసం తవ్విన గొయ్యి

మా ఇంట్లో పాట కంటే ముందు రొద మొదలయ్యేది. ఆంప్లిఫయర్ స్విచ్ వేయగానే రెండు స్పీకర్లలోంచీ గుంయ్‌మని, తేనెపట్టు కింద కూర్చున్నట్టు. పాట వస్తున్నప్పుడు కాస్త దాక్కునేది. పాడేవాడు ఊపిరి తీసుకున్న చోటల్లా బయటికొచ్చి తన వంతు పాడేది.

మా ఆవిడ గడువు పెట్టింది.

"దసరాకి మా అన్నయ్యా వదినా వస్తున్నారు. ఆలోపు ఆ కూత పోలేదనుకో, ఆ పెట్టెలు అటకెక్కుతాయి. ఆ చోట్లో మంచం వేస్తా."

అన్నంత పనీ చేస్తుంది. నేను మోజుపడి కొన్న వ్యాయామ సైకిలు ఇప్పటికే అటక మీద ఉంది.

నేను చీరాలలో ఒక చీరల కొట్టులో గుమాస్తాని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నదే, దానికి పరీక్ష ఎవరూ పెట్టలేదు కాబట్టి తప్పే ప్రమాదం కూడా లేదు. అక్కడ విద్యుత్తు మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉంది. దాన్ని చదివాక నాకు తెలిసిందేమిటంటే, ఆంప్లిఫయర్ చేసేదల్లా గోడలోంచి వచ్చే కరెంటును పాట ఆకారంలోకి మలచడమే. మట్టిలో చెత్త ఉంటే బొమ్మ ముక్కు వంకర పోతుంది. మా వీధికొచ్చే కరెంటేమో మరమగ్గాలు తాగగా మిగిలిన ఎంగిలి.

ముందు ఆంప్లిఫయర్‌తో వచ్చిన నల్ల అడాప్టర్‌ను తీసేశాను. మోటార్ వైండింగ్ షాపులో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి, లావుపాటి కెపాసిటర్లు కలిపి, ఇనప డబ్బాలో కొత్త పవర్ సప్లై కట్టించాను. రుబ్బురోలంత బరువుంది. పాట నిండుగా, కండపట్టినట్టు వచ్చింది. రొద సగమే తగ్గింది.

మిగతా సగానికి మందు పుస్తకంలోనే దొరికింది, ఎర్త్. మా గోడలో ప్లగ్గు విప్పి చూస్తే, పై బొక్కకు వైరే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచీ అది అలంకారానికే ఉంది. దాంతో ఆదివారం మధ్యాహ్నం పార తీసుకుని పెరట్లో దిగాను.

"ఇవాళ మహాలయ అమావాస్య," అంది మా ఆవిడ.

"భూమికి తిథులుండవు," అన్నాను.

చీరాల ఇసక నేల, తవ్వడం తేలికే. పుస్తకంలో చెప్పినట్టే అడుగున రాగి రేకు పెట్టి, దానికి తీగ బిగించి, బొగ్గులు ఒక పొర, ఉప్పు ఒక పొర వేస్తున్నాను. గోడ మీదుగా పక్కింటావిడ తల కనపడింది. వాళ్ల వెనక షెడ్డులో రెండు మరమగ్గాలు ఆడతాయి.

"ఏం పూడుస్తున్నావు తమ్ముడూ?"

"ఎర్త్ అక్కయ్యగారూ."

"ఆ రేకేంటి?"

"రాగిదండి."

"ఉప్పా అది? అవి బొగ్గులా?"

"అవునండి. పొరలు పొరలుగా వెయ్యాలి."

"అమావాస్య పూట నా గోడ పక్కన రాగిరేకు, ఉప్పు, బొగ్గులు! ఎండుమిరపకాయలు వెయ్యవేం?"

"పుస్తకంలో లేదండి."

"పుస్తకం చూసి మరీ చేస్తున్నావా!"

తల మాయమైంది. నా జీవితంలో పుస్తకం పేరు చెప్పి అంత భయపెట్టింది అదే మొదటిసారి.

మర్నాడు వాళ్ల మగ్గం మీద పడుగు పోగులు తెగడం మొదలుపెట్టాయి. అంతకుముందూ తెగేవి గానీ అప్పుడు కారణం ఉండేది కాదు. సాయంత్రానికి ఆవిడ భర్తను వెంటేసుకుని మా గుమ్మంలో నిలబడింది.

"ఆ చేతబడి తవ్వి తీసెయ్యి. లేదా పెద్దల్లో పెడతా."

"చేతబడి కాదక్కయ్యగారూ, పాట కోసం!"

"పాటకి ఉప్పెందుకయ్యా? పప్పులో వేసుకోక!"

తీసేస్తే, రాత్రి తీగ కలపగానే పోయిన రొద తిరిగొస్తుంది, పెట్టెలు అటకెక్కుతాయి. మా ఆవిడ వంక చూశాను. అటక వైపు చూస్తోంది. ఇక వాదన మానేసి ఇద్దరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ఎర్త్ తీగ ఊడదీసి స్విచ్ వేశాను. గుంయ్‌మంది. ఆపి, తీగ తగిలించి మళ్లీ వేశాను. హాలంతా నిశ్శబ్దం. నాకు కళ్లు చెమర్చినంత పనైంది.

"ఏదీ? ఏమీ వినపడట్లేదే," అంది పక్కింటావిడ.

"అదేనండీ కావలసింది."

"ఏమీ వినపడకుండా ఉండటానికా అంత గొయ్యి తవ్వావు? స్విచ్ ఆపేస్తే పోయేదిగా!"

మా ఆవిడ పడీపడీ నవ్వింది. ఎవరి పక్షమో చెప్పక్కర్లేదు. గబగబా పాట పెట్టాను. పగలంతా మగ్గాల హోరులో ఉండే ఆవిడ భర్త కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఇంకోటి వెయ్యి బావా," అన్నాడు.

ఆవిడ ఆయన్ని చూసింది, నన్ను చూసింది, తీర్పు చెప్పింది. గొయ్యి ఉండొచ్చు. కానీ దానికి పసుపు, కుంకుమ పెట్టాలి. రోజూ పొద్దున్నే తానే వచ్చి చెంబెడు నీళ్లు పోస్తుంది. "లోపల ఏదున్నా చల్లబడి పడుంటుంది."

ఎర్తింగ్ గొయ్యి ఆరిపోకుండా నీళ్లు పోస్తుండాలని పుస్తకంలోనూ ఉంది. ఆవిడకు చెప్పలేదు. సైన్సని తెలిస్తే మానేస్తుంది.

దసరాకి వచ్చిన మా ఆవిడ అన్నయ్య హాల్లో స్పీకర్ల మధ్య చాపేసుకుని పడుకున్నాడు.

ఎండాకాలంలో పక్కింటావిడ పెళ్లికని ప్రత్తిపాడు వెళ్లి, చుట్టాలిళ్లు తిరుగుతూ అక్కడే ఉండిపోయింది. పెరట్లో నేల పగిలింది. ఒక పొద్దున పాట పెడితే స్పీకర్లలో సన్నగా గుంయ్‌మంది.

"పోయండి, ఇక మీరే," అంది మా ఆవిడ చెంబు చేతికిస్తూ.

ముందు వీధి తలుపు గడియ వేసి వచ్చాను. గోడ అవతల ఎవరూ లేరని చూసుకుని, పసుపు చెదరకుండా పోశాను.