గుమ్మడికాయల శనివారం

నావంటి తొందరపాటు మనిషి చేతికి కూడా తన వాక్యాన్ని అప్పగించి, నేను దాన్ని తలకిందులుగా పట్టుకున్నప్పుడు కోపించకుండా, చదువురాని ఒక ముసలమ్మ నోట నాకు తిన్నగా చెప్పించిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ సంగతి సిగ్గుతో దాచుకునేదాన్నే గాని, ఇలా నవ్వుతూ రాసుకునేదాన్ని కాదు.

ఆ రోజుల్లో మా బాన్సువాడ వైపు ఎవరి వయసు చెప్పాలన్నా, ఏ పెళ్లి ఎప్పుడైందో చెప్పాలన్నా, కాలువ రాకముందా వచ్చినంకనా అని అడిగేవారు. నిజాంసాగర్ నీళ్లు పారిన కొత్తలో నేను బైబిలు శిక్షణ ముగించుకుని, ఒక ట్రంకుపెట్టెతో, పదిమందికి సరిపడా ధైర్యంతో అక్కడి మిషను బడికి పంతులమ్మగా వచ్చాను. నాకప్పుడు ఇరవై ఏళ్లు. (ఆ వయసులో మనిషికి తెలియనిది ఏదీ ఉండదు. తర్వాత తర్వాత ఒక్కొక్కటే తెలియకుండా పోతుంది.) కాలువ కింద పెద్ద రైతులు వరి, చెరకు వేసేవారు. చిన్నవాళ్లు గట్టు పక్క ఊటనీళ్లతో రెండు మూడు మళ్లలో కూరగాయలు పండించి, తెల్లవారకముందే గంపలు నెత్తిన పెట్టుకుని అంగడికి బయలుదేరేవారు. ఊరి మొదట్లోనే మారుబేరగాళ్లు ఎదురొచ్చి, గంపలు దింపించి, "ఎండెక్కితే వాడిపోతది, ఇగ ఎవరు కొంటరు" అని బెదిరించి, తోచినంత చేతిలో పెట్టి తీసుకునేవారు. మా సంఘ కాపరి అయ్యగారు ఇది చాలాకాలం చూశారు. చూసి చూసి, శనివారం పొద్దున గుడి ఆవరణలో పండించినవాళ్లే కూర్చుని అమ్ముకోవచ్చని, కులం మతం అడిగేది లేదని, మన సంఘం ఇళ్లవాళ్లు, బడి బోర్డింగు, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద క్యాంపులు వేసుకున్న కుటుంబాలు నేరుగా వాళ్ల దగ్గరే కొనాలని ఏర్పాటు చేశారు. "కొత్త పంతులమ్మకు హుషారెక్కువ, ఆమె చూసుకుంటుంది" అని ఆ పని నాకు అప్పగించారు.

నా హుషారు గురించి అయ్యగారికి తెలిసింది సగమే. గుడి తరఫున ఒక ఇనుప మానిక తెప్పించాను. ఆకు, మిరపకాయ, చిక్కుడుకాయ, పెసలు, ఏదైనా ఆ మానికతోనే కొలవాలి, మోసం ఉండకూడదు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. మొదటి శనివారం ప్రార్థన చేసి, మానిక చేతబట్టుకుని చిన్న ప్రసంగం కూడా చేశాను. 'ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును; అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలతను మీ ఒడిలో కొలుతురు' అని ప్రభువు చెప్పిన మాట తీసుకుని, అణచాలి అన్నప్పుడు పిడికిలితో అణచి, కుదపాలి అన్నప్పుడు మానికను కుదిపి, పొర్లిపోవాలి అన్నప్పుడు మిరపకాయలు చాప మీద పొర్లేదాకా పోసి చూపించాను. కొన్నవాళ్లంతా గట్టిగా ఆమేన్ అన్నారు. అమ్మేవాళ్లు ఏమీ అనలేదు. వాళ్లు భక్తిలో మునిగిపోయారనుకున్నాను.

ఆ అమ్మేవాళ్లలో నస్రుల్లాబాద్ దారిలోని పల్లె నుంచి వచ్చే ఒక ముసలమ్మ ఉండేది. అందరూ పుంటికూర అవ్వ అనేవారు. (పుంటికూర అంటే కోస్తావాళ్ల గోంగూరే. ఆ ఒక్క మాట మీద క్యాంపు ఆడవాళ్లకూ మావాళ్లకూ వారం వారం జగడం.) పెనిమిటి పోయాడు, చెరకు కొట్టే కూలికి పోయే ఓపిక లేదు. కౌలుకు తీసుకున్న రెండు మళ్ల పుంటికూరే ఆమె బతుకు. ఆకు సరిగ్గా అమ్ముడుపోకపోతే మళ్లు వదులుకుని, ఆ నడుముతోనే మళ్లీ కూలికి వంగాలి. అయ్యగారు ఈ శనివారాలు పెట్టిందే ఇలాంటివాళ్ల కోసం.

రెండో శనివారం మా బోర్డింగు వంటాయన వచ్చాడు. ఆయన్ని పిల్లలు పహిల్వాన్ అనేవారు; ఊరికే అనేవారు కాదు. అవ్వ మానికలో ఆకు నింపగానే ఆయన పిడికిలి దించాడు. ఆకు మానిక అడుగుకు పోయింది. మళ్లీ నింపమన్నాడు, మళ్లీ దించాడు.

"ఓ పహిల్వానూ, కూర కొలుస్తున్నవా, తొక్కు నూరుతున్నవా?" అంది అవ్వ.

"నన్నంటే ఏమొస్తదవ్వా? పంతులమ్మనే చెప్పింది. అణచాలె, కుదపాలె, పొర్లాలె. వాక్యం."

"నీ వాక్యానికి నా గంప సగమాయె గదరా."

కొనడానికి వచ్చి పక్కనే నిలబడ్డ క్యాంపు ఆవిడ ఒకరు నెమ్మదిగా, "అదేంటి మామ్మా, మాకు పోసే గోంగూరా అలాగే కొలవాలి మరి. దేవుడి మాట అందరికీ ఒకటే కదండీ పంతులమ్మగారూ," అని నావైపు చూసింది. నా ప్రసంగం వారం రోజుల తర్వాత కూడా జనం నోట ఆడుతోందని నా ఒళ్లు పులకరించింది. "ఇచ్చేవాళ్లకు దేవుడు మళ్లీ ఇస్తాడవ్వా," అన్నాను.

"ఎప్పుడిస్తడు?"

"తగిన కాలంలో."

"నాకు పొద్దుగూకేటాలకు కావాలె బిడ్డా. పొయ్యి ఎలిగియ్యాలె," అంది అవ్వ. దానికి జవాబు మా శిక్షణలో చెప్పలేదు.

మూడో శనివారం చాపలు సగమే పరుచుకున్నాయి. అవ్వ రాలేదు. జ్వరాలేమో అనుకుని అందరి ఆరోగ్యం కోసం ప్రార్థించాను. నాలుగో శనివారం మాత్రం ఆవరణ నిండిపోయింది. సంతోషంగా దగ్గరికి పోయి చూస్తే అన్నీ గుమ్మడికాయలే. ఈ చివర గుమ్మడికాయలు, ఆ చివర గుమ్మడికాయలు, మధ్యలో బండెడు గుమ్మడికాయలు. ఆకు లేదు, మిరప లేదు, గింజ లేదు. బండి తోలుకొచ్చిన రైతు నా చేతిలోని మానికను, తన కాయను మార్చి మార్చి చూసి, ముఖం కదలకుండా అన్నాడు:

"ఇగ కొలువుండ్రి పంతులమ్మా. అణచుండ్రి, కుదపుండ్రి, మీ ఇష్టం."

ఆయన వెనక ఒక ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు గాని నాకు జ్వరాల సంగతి అర్థం కాలేదు.

ఏర్పాటు మాది కాబట్టి వచ్చినవి కొనక తప్పలేదు. ఆ వారమంతా బోర్డింగులో గుమ్మడికాయ పులుసు, గుమ్మడికాయ కూర, ఆదివారం గనక బెల్లం వేసిన గుమ్మడికాయ. బుధవారం రాత్రి భోజనానికి ముందు కృతజ్ఞత చెప్పమంటే ఒక చిన్నపిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, "దేవా, ఇచ్చినందుకు స్తోత్రం, ఇగ చాలు" అంది. ఇంత నిజాయితీగల ప్రార్థన నేను మళ్లీ వినలేదు.

అయ్యగారు నన్ను పిలిచి కూర్చోమన్నారు. "గుమ్మడికాయ మీద నాకేం కోపం లేదమ్మా. కాని ఆకు, మిరప తెచ్చేవాళ్లు మళ్లీ మారుబేరగాళ్ల చేతికే పోయారు. వచ్చే శనివారం కూడా ఇంతే అయితే ఇది మూసేద్దాం. వాళ్లెందుకు రావడం లేదో నాకు తెలుసు, నేను చెప్పను. పోయి వాళ్లనే అడుగు."

మర్నాడు బడి వదిలాక నడుచుకుంటూ అవ్వ పల్లెకు పోయాను. దారంతా ఆమెకు నచ్చజెప్పే మాటలు కూర్చుకున్నాను. మూడు వాక్యాలు, ఒక ఉపమానం. పోయేసరికి అవ్వ మడి గట్టు మీద కూర్చుని ఆకు తెంపుతోంది. మారుబేరగాడి ఖాళీ గంప పక్కనే ఉంది.

"అవ్వా, ఆయన మానిక అబద్ధపు మానిక. నీకు తెలుసా?" అన్నాను, కూర్చోకుండానే.

"ఎరుకే. మా ఊళ్లె పోరగాండ్లకు గూడ ఎరుకే. మానెడంటడు, మానెడున్నర గుంజుతడు." అవ్వ ఆకు తెంపడం ఆపలేదు. "గాని గాయిన దేవుని పేరు చెప్పి గుద్దడు పంతులమ్మా. దొంగ లెక్కనే దొంగతనం జేస్తడు. గాయినతోని నేను కొట్లాడొచ్చు. మీతోని కొట్లాడితె నాకు పాపమంటరాయె."

నేను కూర్చున్నాను. కూర్చోక ఏం చేయను.

"ఒకటడుగుత, చెప్పు. గా మాట మీ దేవుడు ఇచ్చేటోళ్లకు చెప్పిండా, తీసుకునేటోళ్లకా?"

ఆ వాక్యం నాకు కంఠస్థం. వెనక నుంచి కూడా చెప్పగలను. అయినా ఆ గట్టు మీద మనసులో ఒకసారి మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది.

"ఇచ్చేటోళ్లకే," అన్నాను.

"మరి ఇచ్చుడు నా పని గదా. నడుమల నువ్వెందుకు గుంజవడ్తివి?"

మూడు వాక్యాలూ, ఉపమానమూ ఎటు పోయాయో తెలియదు. "తప్పయిందవ్వా," అన్నాను. అవ్వ కొంచెం జరిగి, "తెంపు మరి, ఊకెనే కూసుంటె పొద్దు వోతది," అని ఒక మొక్క చూపించింది. చీకటి పడేదాకా తెంపాను. వస్తావా అని అడిగితే వస్తాననలేదు, రాననలేదు.

ఆ శనివారం నా రెండో ప్రసంగం చేశాను. మొదటిదానిలో నాలుగోవంతు కూడా లేదు. నేను వాక్యాన్ని తప్పుగా పట్టుకున్నానని, ఇకమీద మానిక అమ్మేవాళ్ల చేతిలోనే ఉంటుందని, కొనేవాళ్లు దాన్ని ముట్టకూడదని చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. వెనక నుంచి పహిల్వాన్ దిగులుగా, "మరి నేను గుద్దినయన్ని వాపస్ ఇయ్యాలెనా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నన్ను బతికించింది. ఎదురుగా మళ్లీ గుమ్మడికాయలే ఉన్నాయి. మిరపకాయలవాళ్లు ఇద్దరే వచ్చారు. ఎండ ఎక్కుతోంది. అయ్యగారు రెండుసార్లు వాకిట్లోకి వచ్చి, చాపలు లెక్కపెట్టుకుని లోపలికి పోయారు.

చాపలు చుడదామనుకునే వేళకు అవ్వ వచ్చింది. గంపలో సగమే ఆకు.

"మిగిలింది ఏదవ్వా?"

"గా మారుబేరగానికే పెట్టిన. మీ మీద సగమే నమ్మకమున్నది," అని కూర్చుంది.

మొదటి కొనుగోలు నేనే. అవ్వ మానిక నింపింది, అరచేత్తో పైన సమంగా తుడిచింది, నా సంచిలో పోసింది. అణచలేదు, కుదపలేదు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అవ్వ తలెత్తి, "చేతులు గుంజుతున్నయా పంతులమ్మా?" అంది. గుంజుతున్నాయని ఒప్పుకున్నాను. అప్పుడు గంపలోంచి దోసెడు ఆకు తీసి, నా సంచిలో పడేసి, దాని మీద ఇంకో దోసెడు వేసింది.

"గిది మీ దేవుడు చెప్పిండని గాదు. నాకు పెట్టబుద్ధయింది."

ఆమెకు తెలియకపోవచ్చు గాని, ఆయన చెప్పింది సరిగ్గా అదే. మరుసటి వారం ఆమె గంప ముప్పావు నిండింది. నిండు గంప రావడానికి వానకాలం దాకా పట్టింది. ఆ రెండు మళ్లు మాత్రం ఆమె బతికినన్నాళ్లూ ఆమె చేతిలోనే ఉన్నాయి.

ఇప్పటికీ కూరగాయలు కొనేటప్పుడు నా చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి. అమ్మేవాళ్లు నాకు నడుం నొప్పి అనుకుంటారు, అనుకోనిస్తాను. ఇరవై ఏళ్లకు వాక్యమంతా కంఠస్థమై, ఒక్క ముక్కా అర్థంకాని ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్ల వెంట నడిచివెళ్లి ఆ గట్టు మీద ఇంకాసేపు కూర్చోవాలనీ ఉంటుంది. చదువరులారా, మీరూ నాతో కూడా తల వంచండి: తండ్రీ, పండించే చేతులను బలపరచు. కొనే మా చేతులను కాస్త వెనక్కి పట్టుకో. నీ మాటను ఎదుటివాళ్ల మీదికి ఎత్తకముందు మా ఒళ్లో వేసుకునే బుద్ధి ఇయ్యి. ఆమేన్.