రాజవ్వ ఒడిబియ్యం

రాజవ్వకు ఎమ్మెల్యేలతో పని లేదు. ఆమెకు కావలసింది తమ్ముడు. ఆ తమ్ముణ్ణి పార్టీ ఎత్తుకుపోయి ఏళ్ళు గడిచాయి.

బొంతపల్లి దాటాక వాగు ఒడ్డున వాళ్ళ ఊరు. పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే ఊళ్ళో, మధ్యన రెండు వాడలు. పొద్దున్నే బస్సెక్కి మందుల కంపెనీలో సీసాలు కడిగి రావడం, వచ్చి మంచంలో ఉన్న మొగుడికి ఇంత వండిపెట్టడం, ఇదీ ఆమె బతుకు. మొగుడు లింగం బాయిలర్ల దగ్గర పనిచేసి ఛాతీ పాడు చేసుకున్నాడు. మంచం దిగితే ఆయాసం. ఇక ఇంటి దగ్గరే ఉంచుకొమ్మని డాక్టర్లు పంపేశారు.

రాజవ్వ గుండెలో గుబులంతా అక్కడే ఉంది. మొగుడు బతికున్న ఆడదానికే పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోస్తారు. తర్వాత పొయ్యరు. తల్లీ తండ్రీ పోయారు, ఇక బియ్యం పొయ్యడానికి తమ్ముడు నర్సింహులు ఒక్కడే. లింగం ఉండగానే ఒక్కసారి తమ్ముడి చేతి బియ్యం ఒడిలో పడాలని ఆమె కోరిక. ఇంతకన్నా ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

మరి ఈ బావా బామ్మర్దులకేం రోగం వచ్చిందంటారా? ఎన్నికలు వచ్చాయి. నర్సింహులు సర్పంచ్‌గా నిలబడ్డాడు. లింగం అవతలి పార్టీ. బామ్మర్ది అని కూడా చూడకుండా ఇల్లిల్లూ తిరిగి ఓడగొట్టాడు. రాజవ్వ మాత్రం ఓటు తమ్ముడికే వేసింది. ఆ మాట విని మొగుడు తిట్టాడు, తమ్ముడు నమ్మలేదు. “ఇగ మీ గడప తొక్కనే తొక్క” అని పోయినవాడు పోయినట్టే. ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. పార్టీ ఏమన్న అవ్వోలె పాలిచ్చిందా అని రాజవ్వ ఒకసారి నలుగురిలో అడిగింది కూడా. నలుగురూ చెప్పులు చూసుకున్నారు.

ఇక నీళ్ళ గోస వేరే. వాగుకు ఇవతల ఊరు, అవతల కంపెనీలు. ఆ వాగే రెండు నియోజకవర్గాలకు హద్దు. అవతలి కంపెనీ ఒకటి మురుగంతా వాగులోకి వదిలితే ఇవతల బోర్లు పచ్చబడి, బర్రెలు కూడా మూతి పెట్టడం మానేశాయి. ఇవతలి ఎమ్మెల్యేను అడిగితే కంపెనీ నా వైపు లేదనేవాడు. అవతలి ఎమ్మెల్యేను అడిగితే ఊరు నా వైపు లేదనేవాడు. చెరో పార్టీ కాబట్టి ఒకరి మీద ఒకరు తోసుకుని ఇద్దరూ హాయిగా ఉన్నారు.

ఈసారి రెండు వైపులా వయసులో ఉన్నవాళ్ళే గెలిచారు. ఇవతలి ఎమ్మెల్యే వెంకట సాయిది నర్సింహులు పార్టీ. వెంకట సాయి వాళ్ళ నాన్న గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి పటాన్‌చెరులోనే ఉండిపోయాడు. అవతలి ఎమ్మెల్యే సత్యశ్రీది లింగం పార్టీ. అసెంబ్లీలో ఒకరి తర్వాత ఒకరు లేచి ఈ వాగు గురించే అడిగారు. టీవీలో అది చూసి లింగం, “గిదేందో కొత్తగున్నది” అని నవ్వబోయి దగ్గాడు.

సత్యశ్రీ బోర్లు చూడడానికి వస్తోందని తెలిసిన రోజున నర్సింహులుకు పూనకం వచ్చింది. కంపెనీ వైపు ఎమ్మెల్యేకు మా ఊళ్ళో ఏం పనని, మందిని పోగేసి, కండువాలు వేయించి, ఊరి మొగదల కారుకు అడ్డం పడ్డాడు. గో బ్యాక్, గో బ్యాక్ అని ఒకటే గోల. ఒకడు బానెట్ మీద చరిచాడు. అప్పుడు కారు వెనక తలుపు తెరుచుకుని వెంకట సాయి దిగాడు. ఇద్దరూ హైదరాబాదు నుంచి ఒకే కారులో వచ్చారు మరి. ఇంతసేపూ తమ సారునే వెనక్కి పొమ్మన్నామని తెలిసి అందరి నోళ్ళూ పడిపోయాయి.

“మమ్మల్ని తిట్టుడు తర్వాతనన్న అయితది,” అంది సత్యశ్రీ. “ముందుగాల నీళ్ళు చూపెట్టుండ్రి.”

వాళ్ళిద్దరూ రాజవ్వ ఇంటి ముందు చేతిబోరు కొట్టించి, నీళ్ళు దోసిట్లో పట్టి వాసన చూసి, ఒకేసారి ముఖాలు తిప్పుకున్నారు. చెరో ఫోనూ పట్టుకుని అధికారులను అక్కడికే రప్పించారు. చీకటి పడకముందే కంపెనీ గొట్టానికి సీలు పడింది. బోరు కంపు ఎప్పటికి పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, రాజవ్వా అడగలేదు. ఆశపడే ఓపిక కూడా ఉండాలి కదా.

పోతూ పోతూ ఇద్దరూ లింగాన్ని పలకరించడానికి లోపలికి వచ్చారు. నర్సింహులు గడప అవతలే ఆగిపోయాడు. పాత పంతం సంగతీ, ఒడిబియ్యం సంగతీ పక్కవాళ్ళు వెంకట సాయి చెవిన వేశారు.

“మేమిద్దరం ఒక్క కార్ల వచ్చినం. నువ్వు మీ అక్క ఇంట్లకు రాలేవానే అన్నా?” అన్నాడు వెంకట సాయి బయటికొచ్చి. “రేపే వచ్చి కలువు. కలిసి ఫొటో పంపు నాకు.”

మర్నాడు నర్సింహులు పెళ్ళాంతో సహా వచ్చాడు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, రవికె గుడ్డ, అన్నీ తెచ్చాడు. లింగాన్ని మంచం మీదే లేపి కూర్చోబెట్టి భుజాన కొత్త తువ్వాల కప్పారు. పక్కన పీట మీద కూర్చుని రాజవ్వ కొంగు పట్టింది. తమ్ముడూ మరదలూ దోసిళ్ళతో పోస్తుంటే ఆమెకు కళ్ళు కనిపించలేదు. ఒడి బరువెక్కింది. ఇన్నేళ్ళ ఎదురుచూపూ తీరినట్టే అనిపించింది.

నర్సింహులు చేతులు దులుపుకుని ఫోను తీశాడు.

“అక్కా, జెర ఇటు సూడు. సారుకు పంపాలె.”

రాజవ్వ తల ఎత్తింది. కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు.

“సారు చెప్తెనే వచ్చినవా తమ్మీ?”

నర్సింహులు ఫోను అద్దాన్ని చొక్కాకు తుడుచుకున్నాడు. వదినె ముఖం చూడలేక అతని పెళ్ళాం కుడకలు సర్దుతూ కూర్చుంది. మంచం మీద లింగం ఊపిరి గురగురమంటోంది.

“తీస్కో,” అంది రాజవ్వ. “మీ బావ మంచిగ పడేటట్టు తీస్కో. మీ సార్లు మల్ల కొట్లాడుకునే దాక కూడ ఆయన ఉండడు.”

నర్సింహులు ఫొటో తీశాడు. అందులో బావ సగమే పడ్డాడు. ఇంకొకటి తీశాడు.