కరివేపాకు చెట్టుకి కూలర్

ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్ రెండులోని మా క్వార్టర్‌లో అప్పట్లో ఒకే కూలర్. వేసవి పగళ్లలో దాని ముందు చోటు నైట్ డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనది; పిల్లలూ నేనూ గాలి అంచున సర్దుకునేవాళ్లం. ఇప్పుడు గదికో ఏసీ. వాటి బయటి పెట్టెలన్నీ పెరట్లోకి వేడి ఊదుతుంటే నా కరివేపాకు చెట్టు మాడిపోసాగింది.

"అందరూ ఒక గదిలో పడుకోండిరా, మిగతావి ఆపీండి" అన్నాను.

"క్లైమేట్ మారిపోనాదమ్మా. మా ఏసీలేటి చేస్తాయి?" అన్నాడు కొడుకు, తలుపు వేసుకుంటూ.

మూలనున్న పాత కూలర్‌ని పెరట్లోకి లాగించి, నీళ్లు పోసి, చెట్టు ముందు పెట్టాను.

"చెట్టుకి కూలరేటమ్మా!" అన్నాడు కొడుకు, పెరట్లోకి వచ్చి.

"నైట్ డ్యూటీ దిగిన మీ నాన్నకి సరిపోయేది. దీనికి సరిపోదేటి?"

కొన్నాళ్లకు చెట్టు చిగురు వేసింది. మధ్యాహ్నాలు నేనూ అక్కడే మంచం వాల్చుకుంటున్నాను. ముందు చోటు మాత్రం చెట్టుదే.